అన్నింటికీ ఒకే తూటా: రైఫిలు కొనేముందు క్యాలిబరు ఎంచుకోవడం ఎలా

మా నాన్నగారి .315 రైఫిలు (ఈ అంకె క్యాలిబరు, అంటే సుమారుగా గొట్టం లోపలి వ్యాసం అంగుళాల్లో) ఇరవై ఏళ్ళకు పైగా గుంటూరులోని మా ఇంటి ఇనప్పెట్టెలో ఉండేది. అంతకాలంలో అది పేల్చిన తూటాలు వందకు మించవు. తుపాకీలో లోపం లేదు, ఆయన గురిలోనూ లోపం లేదు. తూటాలే దొరికేవి కావు. విజయవాడలో లైసెన్సున్న ఒక దుకాణదారుడు "వచ్చే నెల సరుకు దిగుతుందండీ" అంటూ పదహారు నెలలు గడిపాడు. తీరా సరుకు దిగిన రోజున మా లైసెన్సు పుస్తకం రెన్యువలు కోసం ఆఫీసులో ఉంది. ఆ సాయంత్రం గుంటూరు బస్సులో కూర్చుని నాన్నగారు అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తు: "ముందు తూటా దొరుకుతుందా అని అడగాలిరా, తుపాకీ సంగతి తర్వాత."

ఇప్పుడు అదే ప్రశ్నతో నా దగ్గరకు రెండు రకాల వారు వస్తున్నారు. షూటింగు నేర్చుకోవాలనో, వారసత్వంగా వచ్చిన లైసెన్సును నిలబెట్టుకోవాలనో చూసే ఇక్కడివారు ఒక రకం. డాలస్ పరిసరాల్లో స్థిరపడిన మా బాబాయి కొడుకులాగా, వేట చట్టబద్ధమైన దేశంలో ఉంటూ "అన్నయ్యా, పందికీ, జింకకీ, కాల్పుల సాధన రేంజిలో గురికీ అన్నింటికీ పనికొచ్చే ఒక్క తూటా చెప్పు" అని ఫోను చేసేవారు రెండో రకం. ఇద్దరూ మొదటినుంచే తూటాల వేగాల పట్టికలు ముందు వేసుకుని కూర్చుంటారు. పట్టిక చూడవలసిన మాట నిజమే కాని, అది ఐదో పనో ఆరో పనో అవుతుంది. కింద చెప్పిన వరుసలో వెళ్ళినట్లయితే మీ ముందున్న డజన్ల కొద్దీ తూటాలు రెండు మూడుకు దిగివస్తాయి.

మొదట చట్టం

లైసెన్సు చేతికి రాకముందే క్యాలిబరు మీద వాదులాడుకోవడం "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టుగా ఉంటుంది. కాబట్టి మీరు ఎక్కడ కాలుస్తారో, దేనిని కాలుస్తారో ముందు ఒక కాగితం మీద రాసుకోండి.

మీరు ఉండేది ఇక్కడే అయితే వేట అన్న పదాన్ని ఆ కాగితం నుంచి కొట్టివేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను వేటను నిషేధించింది. పల్నాడు వైపు మొక్కజొన్న చేనును రాత్రికి రాత్రే దున్నిపారేసిన అడవిపంది అయినా సరే, మీ పొలంలోకి వచ్చిందన్న కారణం మీకు దానిని కాల్చే హక్కు ఇవ్వదు. పదకొండో సెక్షను ప్రకారం అధికారం ఉన్న అటవీ అధికారి లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే అది సాధ్యం. కొన్ని జంతువులను హానికరమైనవిగా లెక్కగట్టిన పాత ఐదో షెడ్యూలు కూడా 2022 సవరణతో పోయింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది. పంట రక్షణ కోసం ఇచ్చిన తుపాకీ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే గాని జంతువును చంపడానికి అనుమతిపత్రం కాదన్న సంగతి మన రైతుల్లో చాలామందికి కేసు పడ్డాకనే తెలుస్తున్నది. ఎయిర్‌గన్నుతో పిట్టను కొట్టినా ఇదే చట్టం వర్తిస్తుంది.

ఇక ఆయుధ చట్టం సంగతి. 1959 చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. పోలీసు కమిషనరు ఉన్న ప్రాంతంలో, అంటే విజయవాడలో, ఆ చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు అధికారాలు కమిషనరువే. గుంటూరులో కలెక్టరు కార్యాలయానికి వెళ్ళాలి. క్యాలిబరు ఎంపికకు ఇంతకంటే ముఖ్యమైన నిబంధన మరొకటి ఉన్నది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .303, 7.62 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం) రైఫిళ్ళతోపాటు ఆ సైనిక తూటాలను తీసుకుని పేల్చగల ఏ రైఫిలైనా నిషిద్ధ బోరు కిందికే వస్తుంది. ప్రపంచంలో "ఒకే తూటా" అనగానే ఎక్కువమంది చెప్పే .308 విన్‌చెస్టర్, నాటో సైన్యాలు 1954లో స్వీకరించిన 7.62×51కు కవల సోదరుని వంటిది. కనుక అది ఇక్కడ మామూలు పౌరునికి అందనిది. విదేశీ వీడియోలు చూసి .308 మీద మనసు పారేసుకున్నవారు ఇక్కడే ఆగిపోవాలి.

అమెరికాలో ఉన్నవారు చూడవలసిన నిబంధన వేరు, అది మనవాళ్ళకు ప్రత్యేకంగా తగులుతుంది. హెచ్-1బీ, ఎఫ్-1, విజిటరు వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీగాని, తూటాగాని దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం ఆ నిషేధానికి ప్రధానమైన మినహాయింపు. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ చిక్కు లేదు. టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద యజమాని అనుమతితో అడవిపందులను కాల్చడానికి 2019 సెప్టెంబరు నుంచి వేట లైసెన్సే అక్కరలేదు. ఈ వెసులుబాటు విని "అయితే నాకూ అక్కరలేదు" అనుకునే హెచ్-1బీ కుర్రవాడు రాష్ట్ర చట్టాన్ని తప్పకపోయినా ఫెడరల్ చట్టాన్ని తప్పినవాడవుతాడు. నేను విజిటరు వీసా మీద మా తమ్ముడి దగ్గరకు వెళ్ళినప్పుడు రేంజిలో అడుగుపెట్టడానికి ముందు వాడు నాచేత బయటివారికిచ్చే వేట లైసెన్సు కొనిపించాడు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికి టెక్సస్‌లో వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. వయసు మీద పడిన లాభం నాకు అక్కడ ఒక్కచోట కనిపించింది.

తూటా పేరు చదవడం నేర్చుకోండి

అరచేతిలో ఒక తూటాను పెట్టుకుని చూడండి. పసుపుపచ్చని ఇత్తడి గొట్టం అడుగున, మధ్యలో, చొక్కా గుండీ కంటే చిన్న గుండ్రని బిళ్ళ ఉంటుంది; అది ప్రైమరు, సుత్తి దెబ్బ తగిలి నిప్పు పుట్టేది అక్కడ. ఇత్తడి గొట్టం లోపల మందు. పైన రాగి తొడుగుతో, సన్నని కొనతో బయటికి కనిపించేది గుండు. నాలుగూ కలిస్తే తూటా. మన మాటల్లో మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాము గాని, దుకాణంలో ఈ తేడా తెలియకుండా మాట్లాడితే మీకు కావలసిన పెట్టె రాదు.

పేర్లలో ఒక పద్ధతి ఉన్నట్టే ఉంటుంది, నమ్ముకుంటే మాత్రం మోసపోతాము. .30-06ను "థర్టీ ఆట్ సిక్స్" అని పలుకుతారు; మొదటి అంకె అంగుళంలో ముప్పై శాతం బోరును, రెండోది అమెరికా సైన్యం దానిని స్వీకరించిన 1906వ సంవత్సరాన్ని సూచిస్తాయి. అదే పోలికతో .30-30లో రెండో ముప్పై సంవత్సరమేమోనని అనుకోవడానికి లేదు, అది మొదట్లో నింపిన మందు బరువు. .270 విన్‌చెస్టర్ గుండు వ్యాసం నిజానికి .277 అంగుళాలు; .303 గుండు .311 అంగుళాలు. .308, .30-06 రెండింటి గుండ్లూ .308 అంగుళాలవే; వాటి ఇత్తడి గొట్టాల పొడవు మాత్రం 51, 63 మిల్లీమీటర్లు. అందువల్ల "సరిపోతుందిలే" అనే మాట తుపాకీ దగ్గర ఎన్నడూ అనకూడదు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిలు ఛాంబరులోకి (తూటా కూర్చునే గదిలోకి) దూరుతుంది, కాని పేల్చితే లావు గుండు సన్నని గొట్టంలో ఇరుక్కుని రైఫిలు చేతుల్లోనే పగులుతుంది. రైఫిలు గొట్టం మీద చెక్కిన పేరు, పెట్టె మీద పేరు, ఇత్తడి అడుగున ముద్రించిన పేరు మూడూ ఒక్కటే కావాలి.

గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఇది విదేశీ లెక్క అని బెదరనక్కరలేదు, మన బంగారం అంగట్లో ఉన్నదే. బ్రిటిషువారు 1833లో ఖాయం చేసిన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. కాబట్టి .30-06లో ఎక్కువగా వాడే 180 గ్రెయిన్ల గుండు అంటే తులం సీసం, రాగి. .22 రైఫిలు వాడే 40 గ్రెయిన్ల గుండు పావు తులానికి కాస్త తక్కువ. .243లో వాడే 90 గ్రెయిన్లది అరతులం. గవర్నరుపేటలో నగల దుకాణం నడిపే నా మిత్రునికి ఈ లెక్క చెప్పినప్పటినుంచి వాడు క్యాలిబర్లను నాకంటే వేగంగా పోల్చుతున్నాడు.

దూరాన్నీ జంతువునూ నిజాయతీగా రాసుకోండి

ఇక్కడ మనుషులు తమకు తామే అబద్ధం చెప్పుకుంటారు. నాలుగు వందల గజాలకు కొడతామని రాసుకున్నవారిలో ఎక్కువమంది వంద గజాలు దాటి ఎన్నడూ కాల్చి ఉండరు. టెక్సస్ పొదల్లో పంది మేత తొట్టి దగ్గర కనబడే దూరం తరచుగా వంద గజాల లోపే. మీకు నిజంగా దొరికే గరిష్ఠ దూరాన్నీ, మీరు కాల్చబోయే అతి పెద్ద జంతువునూ రాసుకోండి. తూటా ఆ రెండింటికీ సరిపోవాలి, ఊహల్లో ఉన్న ఎలుగుబంటికి కాదు.

ఇప్పుడు శక్తి లెక్క. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే శక్తి వస్తుంది కాబట్టి బరువు రెట్టింపయితే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. తులం గుండును .30-06 సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో పంపుతుంది. గొట్టం మూతి దగ్గర దాని శక్తి దాదాపు 3,950 జౌళ్ళు. .308లో 150 గ్రెయిన్ల గుండుకు సుమారు 3,600, .270లో 130 గ్రెయిన్లకు కూడా దాదాపు అంతే. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌కు 3,100 పైచిలుకు, .243కు 2,600, .223కు 1,700 ప్రాంతం. మామూలు .22 తూటాకు రెండు వందల జౌళ్ళు కూడా ఉండవు.

ఈ అంకెలు వేటలో ఎక్కడ గీత గీస్తాయో దేశాల చట్టాలే చూపుతాయి. జర్మనీలో పెద్ద జంతువులకు కనీసం 6.5 మిల్లీమీటర్ల గుండు, వంద మీటర్ల దగ్గర 2,000 జౌళ్ళు ఉండాలి. చిన్నజాతి రో జింకకు 1,000 చాలు. కొలరాడోలో జింకకైనా .24 అంగుళాలకు తగ్గని గుండు కావాలి కనుక అక్కడ .223 జింకకు పనికిరాదు. టెక్సస్ అంత పట్టింపు లేనిది; .22 వంటి రిమ్‌ఫైర్ తూటాలను (అడుగున మధ్యలో కాక అంచు మీద దెబ్బకు పేలేవాటిని) మాత్రం జింకల మీద వాడనివ్వదు. ఒక్క తూటాతో రాష్ట్రాలు తిరగాలనుకునేవారు ఆ రాష్ట్రాల నిబంధనల్లో అన్నింటికంటే కఠినమైనదానిని కొలబద్దగా పెట్టుకోవాలి. ఆ కొలబద్దకు .243 నుంచి పైవన్నీ జింక వరకు నిలుస్తాయి; మూడు వందల కిలోల ఎల్క్ (అమెరికాలోని పెద్దజాతి జింక) దాకా వెళ్ళాలంటే 6.5 క్రీడ్‌మూర్ దూరం తగ్గించుకుని, .308, .30-06 నిబ్బరంగా నిలుస్తాయి.

రెండో వైపు కూడా చూడండి. చిన్న జంతువుకు, కాగితపు గురికి .30-06 వాడడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అన్నింటికీ ఒకటే కావాలన్నవారు బరువైన పనికి సరిపోయే తూటాను తీసుకుని తేలికపాటి గుండుతో చిన్న పని చేయించగలరు. చిన్న తూటాతో బరువైన పని చేయించడం మాత్రం కుదరదు. నా సలహా ఎప్పుడూ పై మెట్టు నుంచి కిందికే గాని కింది నుంచి పైకి కాదు.

గుండు ఎక్కడ ఆగుతుందన్నది కూడా దూరం లెక్కలోదే. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. మనం ఆటబొమ్మగా చూసే .22 గుండు గాలిలోకి సరైన వాలులో వెళితే సుమారు 2.4 కిలోమీటర్లు పోగలదు, అంటే బ్యారేజీకి రెండింతలు. .30-06 గుండు నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. కృష్ణా డెల్టాలాంటి చదును నేల మీద వెనక మట్టిగట్టు లేకుండా కాల్చడానికి ఏ క్యాలిబరూ చిన్నది కాదు.

మీ భుజం ఒప్పుకునేదేనా

ఎనిమిది పౌండ్ల రైఫిలులో .243 తిరుగుదెబ్బ సుమారు తొమ్మిది, పది అడుగు-పౌండ్లు (అమెరికాలో శక్తిని కొలిచే లెక్క), 6.5 క్రీడ్‌మూర్‌ది పన్నెండు పదమూడు; .308ది పదిహేడు పద్దెనిమిది; .30-06ది ఇరవై చిల్లర; .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ది పాతిక దాటుతుంది. పట్టికలో ఇవి చిన్న తేడాలుగానే కనిపిస్తాయి. ఇరవై తూటాల తర్వాత భుజం చెప్పే మాట వేరు.

దీనిని పరీక్షించడానికి డాలస్ దగ్గరి రేంజిలో మా తమ్ముడు నాకు ఒక కిటుకు చూపించాడు. రైఫిలును వాడే నింపి నాకు అందించేవాడు. అందులో కొన్నిసార్లు నిజమైన తూటా, కొన్నిసార్లు మందు లేని ఉత్తుత్తి తూటా. ఏది ఉందో నాకు తెలియదు. నాలుగోసారి ట్రిగ్గరు నొక్కితే "టిక్" మన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. పేలుడు లేకపోయినా నా కళ్ళు మూసుకుపోయాయి, భుజం ముందుకు తోసింది, గొట్టం మూతి కిందికి రెండంగుళాలు ఒంగిపోయింది. వెనక మా తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అన్నయ్యా, నీ గుండు నేల మీద గడ్డి కోస్తోంది" అన్నాడు. అది .308. అదే ఆటను 6.5 క్రీడ్‌మూర్‌తో ఆడినప్పుడు పదిసార్లలో ఒక్కసారి మాత్రమే అలా తడబడ్డాను. నాన్నగారి .315ను ఇన్నేళ్ళు కాల్చినవాణ్ణి కదా అన్న నా గర్వం ఆ మధ్యాహ్నంతో తగ్గింది. నేను కాల్చింది ఇన్నేళ్ళు కాదు, వంద తూటాలు.

కొనడానికి ముందు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోండి. పది ఉత్తుత్తి తూటాల్లో మూడు నాలుగుసార్లు గొట్టం ఒంగితే ఒక మెట్టు దిగండి. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ ఆడపులిని కాల్చినందుకు బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిలు .275, అంటే నేటి లెక్కలో 7×57 మౌజర్. 1892 నాటి, నెమ్మదైన తిరుగుదెబ్బ గల తూటా. ఆయన చేతిలో దాని పనితనానికి కారణం దాని శక్తి కాదు, గుండు ఎక్కడ తగలాలో అక్కడ తగలడమే. బరువైన రైఫిలు, రైఫిలు భుజానికి ఆనే చోట మంచి రబ్బరు దిండు, భుజానికి సరిపోయే పొడవు కొంత ఉపశమనం ఇస్తాయి. కాని పిల్లలు, పలుచని మనుషులు కూడా ఆ రైఫిలునే కాల్చవలసి ఉంటే, వారి భుజాన్నే లెక్కలోకి తీసుకోండి.

దొరికేదే తీసుకోండి

ఇంతవరకు వచ్చిన జాబితాలో ప్రతి పేరు ఎదుటా మీ ఊరి దుకాణంలో అది ఉన్నదా, ఎన్ని రకాల గుండ్లతో ఉన్నది, పోయిన ఏడాది కూడా ఉన్నదా అన్నది రాయండి. ఫోను మీద "తెప్పిస్తాము" అన్న జవాబును "లేదు" కింద రాసుకోండి. పదహారు నెలల అనుభవంతో చెబుతున్నాను.

ఇక్కడ .315కు పెద్ద చరిత్రే ఉన్నది. సైనిక తూటాలు పౌరుల చేతికి వెళ్ళకూడదన్న బ్రిటిషు పాలకుల భయం ఎన్నో కొత్త క్యాలిబర్లకు పుట్టుక ఇచ్చింది. 20వ శతాబ్దం తొలి దశకంలో ఇండియాలో.450 క్యాలిబరును నిషేధించడంతోనే .470, .465 వంటి భారీ తూటాలు వచ్చాయి. .303 అందని పౌరునికి ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటా ఆధారంగా వచ్చిన .315 దిక్కయింది, ఇషాపూర్ రైఫిలు కర్మాగారం పాత లీ-ఎన్‌ఫీల్డు యంత్రాంగం మీదే ఆ రైఫిళ్ళను చేసింది. 2021 అక్టోబరు 1న ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను నడిపిన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు కంపెనీలయ్యాక తూటాల బాధ్యత మ్యూనిషన్స్ ఇండియాకు, రైఫిళ్ళ బాధ్యత అడ్వాన్స్‌డ్ వెపన్స్‌కు వెళ్ళింది. దేశం బయట .315 తూటా పేరు తెలిసినవారే అరుదు, కాబట్టి ఇక్కడ సరఫరా ఆగితే ఇంకెక్కడినుంచీ రాదు.

ఇక్కడ లైసెన్సు మీద పెద్ద బోరు రైఫిలు తీసుకోవలసి ఉంటే, పాత .315 ఇంట్లో లేనివారికి నేను .30-06 చెబుతాను. నిషిద్ధ బోరు కాదు, ప్రపంచంలో ఎక్కడైనా తయారయ్యే తూటా. అయితే ఇక్కడివారిలో పదిమందికి తొమ్మిదిమందికి నిజంగా కావలసింది పెద్ద బోరే కాదు. కాల్చడం నేర్చుకోవడం, పోటీల్లో నిలవడం మీ ఉద్దేశమైతే మీ ఒక్క తూటా .22 లాంగ్ రైఫిలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలె కాంస్యం గెలిచిన 50 మీటర్ల మూడు భంగిమల పోటీ దానిదే. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిలు సంఘానికి అనుబంధంగా ఉన్న క్లబ్బులో చేరి, ముందు లైసెన్సు అక్కరలేని .177 ఎయిర్ రైఫిలుతో పది మీటర్ల దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత .22కు వెళ్ళడం అన్నివిధాలా చౌక, మేలు. ఇరవై జౌళ్ళు దాటిన ఎయిర్ రైఫిలుకు మాత్రం లైసెన్సు కావాలి.

అమెరికాలో ఉన్నవారికి ప్రశ్న తేలిక. చిన్న ఊరి హార్డువేరు దుకాణంలో కూడా .308, .30-06, .223, .243, .270, ఇప్పుడు 6.5 క్రీడ్‌మూర్ ఉంటాయి. వీటిలో ఒక్కటే తీసుకోవలసి వస్తే మా తమ్ముడికి నేను .308 చెప్పాను. పందికి, జింకకు, ఎల్క్‌కు సరిపోతుంది. గొట్టం వేల తూటాలకు ఓర్చుకుంటుంది. సాధన తూటా చౌకగా దొరుకుతుంది. వాడి భార్య కూడా అదే రైఫిలుతో కాలుస్తానన్నప్పుడు నా సలహా మార్చుకుని 6.5 క్రీడ్‌మూర్ అన్నాను. ఇప్పుడు ఇద్దరూ దానినే కాలుస్తున్నారు. నా దృష్టిలో ఇది రాజీ కాదు. నెలకు నలభై తూటాలు ఇష్టంగా కాల్చే రైఫిలు ఏడాదికి నలభై కాల్చే రైఫిలు కంటే మేలు.

గుండును ఎంచి, రైఫిలును దానికి సరిచూడండి

ఒకే పేరున్న తూటాలో పది రకాల గుండ్లు వస్తాయి. పూర్తి రాగి తొడుగున్నది రేంజికి. వేటలో అది సన్నని రంధ్రం చేసి బయటికి పోతుంది, జంతువు గంటల తరబడి బాధపడుతుంది, అందుకే చాలాచోట్ల వేటకు దానిని నిషేధించారు. కొన మెత్తగా ఉండి లోపల విచ్చుకునేదే వేటకు సరైనది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసమున్న గుండు వాడకూడదు, కనుక అక్కడ పూర్తి రాగి గుండే కొనాలి.

ఒకే బరువున్న మూడు రకాల పెట్టెలు కొనండి. వంద గజాల దగ్గర, ఇసుకసంచి మీద రైఫిలును ఆనించి, ఒక్కో రకంతో ఐదు తూటాలు కాల్చండి. గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక రెండో రకం మొదలుపెట్టండి. ఒక్కో గొట్టానికి ఒక్కో గుండు నచ్చుతుంది, దానికి మనం చెప్పగలిగిన కారణం ఎప్పుడూ ఉండదు. ఐదు రంధ్రాలూ ఒకటిన్నర అంగుళంలో పడిన రకాన్ని తీసుకుని మిగతావి సాధనకు పక్కన పెట్టండి. తర్వాత రైఫిలు మీది గురి దూరదర్శినిని రెండు వందల గజాలకు సరిచేయండి. అలా చేసిన 150 గ్రెయిన్ల .308 గుండు వంద గజాల దగ్గర సుమారు రెండంగుళాలు పైన, మూడు వందల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద పడుతుంది; జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు కొలతను బట్టి చూస్తే రెండు వందల యాభై గజాల దాకా లెక్కలు వేయకుండా కాల్చవచ్చు. ఈ అంకెలు పెట్టె మీద నుంచి కాకుండా మీ కాగితపు గురి మీద నుంచి రాసుకోండి.

నిల్వ, రవాణా

రోహిణి కార్తెలో విజయవాడ ఎండకు నిలిపిన కారులో తూటాల పెట్టెను వదలకండి. వేడెక్కిన మందు మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో మండుతుంది, గుండు పడే చోటు మారుతుంది. ఇంట్లో చల్లగా, తడి తగలని చోట, రైఫిలుకు వేరుగా తాళం వేసి ఉంచండి. కృష్ణ ఒడ్డు తేమకు ఇత్తడి మీద పచ్చని చిలుము పడుతుంది. అది పట్టిన తూటాను తుడిచి కాల్చకుండా లైసెన్సున్న దుకాణానికి అప్పగించండి. పెట్టె మీది లాటు నంబరును పుస్తకంలో రాసుకుంటే గుండు పడే చోటు హఠాత్తుగా మారినప్పుడు కారణం తెలుస్తుంది.

అమెరికా నుంచి వచ్చేవారు రేంజికి తీసుకువెళ్ళిన సంచీని, కోటు జేబుల్ని ప్రయాణానికి ముందు రోజు దులపండి. మరచిపోయిన ఒక్క తూటా గన్నవరం విమానాశ్రయం తనిఖీలో బయటపడితే ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది. గుర్తుగా తెచ్చుకున్న ఖాళీ ఇత్తడి గొట్టం కూడా గంటల తరబడి ప్రశ్నలకు దారితీస్తుంది.

ఎన్నికల నోటిఫికేషను వచ్చినప్పుడు పోలీసుస్టేషనులో తుపాకీ అప్పగించమంటే, అప్పగించేముందు గొట్టం లోపల నూనె రాసి, రైఫిలు నంబరు, తూటాల సంఖ్య వేసిన రసీదును అడిగి తీసుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజున తూటాలను లెక్కపెట్టి, గొట్టంలోని నూనెను పూర్తిగా తుడిచి, రేంజిలో ఐదు తూటాలతో గురి మళ్ళీ సరిచూసుకోండి. 2024లో మా .315ను తిరిగి ఇచ్చినప్పుడు దాని వెనక గురి పలక ఎవరి చేయి తగిలిందో పక్కకు జరిగి ఉన్నది. దానిని సరిచేసుకోవడానికి ఆ రోజు నా దగ్గర మిగిలినవి ఏడు తూటాలే.